ఎర్ర నెత్తురుకు పద్దెనిమిది, పచ్చ నెత్తురుకు పన్నెండు

పదకొండేళ్ళు నేను జీతం తీసుకుని వీడియో గేములు విన్నాను. ఆడలేదు, చూడలేదు, విన్నాను. నా చెవిన పడి చచ్చినవాళ్ళను లెక్కేస్తే రెండు జిల్లాల జనాభా తేలుతుంది. మా ఆవిడ మాత్రం "ఒక్కనాడన్న బొద్దింకను సంపినవా?" అని అడుగుతుంది.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు అప్పుడప్పుడు సరూర్‌నగర్‌లో మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చి జీతాలెంత, ప్రమోషన్లెట్లా అని అడుగుతున్నారు. వాటి గురించి నాకు తెలిసింది తక్కువ. తెలిసినదేదో ఇక్కడ రాస్తున్నాను. నాకు కోతలు కోసే అలవాటుంది కాబట్టి, కోసిన చోట కోశానని చెబుతాను. అన్నిచోట్లా చెబుతానని హామీ ఇవ్వను.

పని ఇది. ఒక గేమును బయటి దేశాల్లో అమ్మాలంటే దానిమీద వయసు ముద్ర పడాలి: ఏడేళ్ళవాళ్ళు ఆడొచ్చా, పన్నెండా, పదహారా, పద్దెనిమిదా. ముద్ర వేసే సంస్థలకు ప్రతి గేమూ మొదటినుంచి చివరిదాకా ఆడి చూసే తీరిక ఉండదు. అందుకని గేము తయారుచేసినవాళ్ళే, ఇందులో ఇన్ని దెబ్బలున్నాయి, ఇంత నెత్తురుంది, ఇక్కడ బట్టల్లేవు అని ఒక ఫారం నింపి, ఆ ముక్కల వీడియో కత్తిరించి పంపాలి. ఆ చాకిరీ మాలాంటి ఆఫీసులకు వచ్చేది. మాది దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక మేడ మీద. కింద చెప్పుల దుకాణం, మొదటి రెండు అంతస్తులు కోచింగ్ సెంటర్, మూడో అంతస్తు మేము. కింద పిల్లలు బ్యాంకు పరీక్షలకు లెక్కలు చేస్తుంటే, పైన మేము శవాలు లెక్కపెట్టేవాళ్ళం.

తలుపు మీద గీత

అంతకుముందు నాకు మలక్‌పేట వెళ్ళే దారిలో ఒక వీడియో గేమ్ పార్లర్ ఉండేది. ఎనిమిది మెషిన్లు. ఇరవై అని ఎవరైనా అంటే అది నేను చెప్పిందే, నమ్మకండి. అప్పట్లో గేముకు వయసేమిటో అడిగిన నాథుడు లేడు. నేనే ఒక పద్ధతి పెట్టాను. తలుపు చట్రం మీద నా భుజం ఎత్తున సుద్దతో గీత గీశాను. తల గీతకు ఆనితే తుపాకీ ఆటలు, ఆనకపోతే కార్ల ఆటలు. నల్లగొండ నుంచి వచ్చిన ఒక లారీ ఓనరుకు నలభై ఏళ్ళుంటాయి, మనిషి పొట్టి. రూలు రూలే అన్నాను. పాపం ఆరు నెలలు కార్లే తోలాడు.

ఒకరోజు ఒక తల్లి కొడుకును వెతుక్కుంటూ లోపలికొచ్చింది. వాడు ఆడుతున్న తెరమీద ఒకడి తల తెగి దొర్లుతోంది. ఆమె దానివైపు చూడనైనా చూడలేదు. పక్క మెషిన్‌లో ఒక కత్తి వీరురాలు, ఒంటిమీద రెండు జానల గుడ్డ. ఆమె తన కొంగు తీసి కొడుకు కళ్ళకు అడ్డం పెట్టి నామీద పడింది.

"ఏందయ్యా, గీ బరివాతల బొమ్మలు పెట్టి పోరగాళ్ళను ఖరాబ్ చేస్తున్నవా? నీకు అక్కచెల్లెండ్లు లేరా?"

నేను వెంటనే ఆ వీరురాలి మీద తువ్వాలు కప్పాను. తల తెగిన మెషిన్‌ను అట్లాగే నడవనిచ్చాను. నాకూ అదే న్యాయమనిపించింది. ఆ న్యాయం నన్ను చాలా ఏళ్ళు వదల్లేదు.

పార్లర్ మూతపడ్డాక ఈ ఆఫీసుకు ఇంటర్వ్యూకు వెళ్ళాను. యజమాని రావు గారిది కృష్ణా జిల్లా, ఎల్‌బీ నగర్‌లో స్థిరపడి ఇరవై ఏళ్ళు.

"విమానాల గేములు కూడా వస్తుంటాయండీ. మీకేమన్నా అలవాటుందా?"

"నాదర్‌గుల్‌ల నిజం విమానమే నడిపిన సార్."

నాదర్‌గుల్ రన్‌వే గోడకు ఇవతల నేను నడిపింది సైకిలు. రావు గారు కాసేపు నన్నే చూసి, "ఇంత ధీమాగా అబద్ధం చెప్పేవాడు ఎదుటివాడి అబద్ధం తొందరగా పట్టేస్తాడండీ. సోమవారం వచ్చేయండి" అన్నారు. నేను చూసిన బాసుల్లో మనుషులను అంత సూటిగా చదివినవాడు లేడు. పద్ధతుల విషయంలో మాత్రం ఆయనంత మొండివాడూ లేడు.

రెండు కుర్చీలు

ఆయన పద్ధతి ఇది. ఒక కుర్చీలో ఆడే మనిషి, ఇంకో కుర్చీలో రాసే మనిషి. ఆడే మనిషికి రెండు చేతులూ ఖాళీ ఉండవు కాబట్టి నోటితో కేకలు వేయాలి. కేకలు నాలుగే: దెబ్బ, రక్తం, బూతు, బట్ట. బట్ట అంటే బట్ట లేదని. రాసే మనిషి కేక వినగానే టైము రాసి టిక్కు పెట్టాలి. రాసేవాడు తెర చూడకూడదు. చూస్తే కథలో పడి లెక్క తప్పుతాడని రావు గారి నమ్మకం. అందుకే నా కుర్చీ గోడ గడియారానికి ఎదురుగా, తెరకు వీపు పెట్టి ఉండేది. సాయంత్రం రావు గారు నా టిక్కులున్న చోట వీడియో కత్తిరించేవారు. ఏ ముక్కకు టిక్కు లేదో ఆ ముక్క లేనట్టే.

నాకు ఆడిపెట్టే మనిషి సునీత. సరూర్‌నగర్ చెరువు వైపు ఇల్లు, భర్త ట్రాలీ ఆటో నడుపుతాడు, ఇద్దరు పిల్లలు. ప్రైవేటు బడిలో టీచరుగా చేసి, పిల్లల మీద అరిచి అరిచి గొంతు పోయి మా దగ్గరకొచ్చింది. తుపాకీ ఆటల్లో మా ఆఫీసులో ఆమెను మించినవాళ్ళు లేరు. ఇది కోత కాదు: ఒకరోజు ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని కూతురితో "మూడు విజిల్‌లకు దించు, జర ఉప్పు తక్కువెయ్యి" అంటూనే ఒక ఊళ్ళో ఉన్న సైన్యాన్నంతా తుడిచిపెట్టింది. మధ్యమధ్య నాకోసం "దెబ్బ, దెబ్బ, రక్తం, దెబ్బ" అని కేకలు. అవతల కూతురు "అమ్మా, నాయిన ఆఫీసుకొచ్చిండా?" అని అడిగిందట.

కొలతలు మారిన కాలం

మొదటి ఏళ్ళలో వచ్చిన ఫారాలు దర్జీ టేపులాంటివి. నెత్తురు ఎంత, ఏ రంగు, ఒంటిమీద ఏ భాగం ఎన్ని సెకన్లు కనబడింది, ఇవే ప్రశ్నలు. నెత్తురు ఎర్రగా ఉంటే పద్దెనిమిది. అదే నెత్తురుకు పచ్చరంగు పూస్తే పన్నెండు. గేము కంపెనీలు మనిషిని అట్లాగే నరికించి రంగు మాత్రం మార్చి పంపేవి, ముద్ర దిగేది. పచ్చ నెత్తురువాడికి తల్లి ఉండదనుకుంటారో ఏమో.

బట్టల విషయంలోనూ అంతే. ఒకసారి మ్యూజియంలో తాళాలు వెతికే ఆట వచ్చింది. గదిగదికీ పాలరాతి విగ్రహాలు. సునీత విగ్రహం కనబడినప్పుడల్లా "బట్ట" అంది, నేను టిక్కు పెట్టాను. రావు గారు ఫారం పట్టుకుని నా దగ్గరకు పరిగెత్తుకొచ్చారు.

"ఏంటండీ భిక్షపతి గారూ! పిల్లల ఆటలో ఇన్నిసార్లు నగ్నతా? అవి విగ్రహాలండీ!"

"ఇగ్రహాలకు కూడ బట్టల్లేవు గద సార్" అంది సునీత.

తర్వాత తర్వాత ఫారాలు మారాయి. ముద్ర వేసేవాళ్ళు ఎంత కనబడిందన్నది తగ్గించి, ఎందుకు కనబడిందని అడగసాగారు. అది కామం కోసమా, వైద్యం కోసమా, కళా? దానికోసం ఫారంలో 'కారణం' అని ఒక గడి చేర్చారు. హింస దగ్గర రంగు అడగడం మానేసి, కొట్టేది ఎవరు, దెబ్బలు తినేది ఎవరు, తినేవాడు ఎదురుతిరగగలడా అని అడిగారు. నా అభిప్రాయంలో ఇది పెద్ద మార్పు. టేపు పక్కన పెట్టి మనిషిని చూడడం మొదలుపెట్టారు.

మేము మారలేదు. నాలుగు కేకలు, టిక్కులు, గడియారం. 'కారణం' గడిని ప్రతిసారీ ఖాళీగా వదిలేది నేనే. ముద్దు చప్పుడు వినబడితే ఆఫీసంతా దగ్గేది. రంపంతో కోస్తున్న చప్పుడుకు ఎవరూ టీ గ్లాసు దించేవారు కాదు. దీన్ని అనుభవం అనుకున్నాను. మీకూ ఐదారేళ్ళకు వస్తుంది. వచ్చిన రోజు జాగ్రత్త పడండి.

చీర మోసుకెళ్ళే పిల్ల

అవి ఉద్యమం రోజులు. వారంలో రెండు రోజులు బంద్, ఒకరోజు రాస్తారోకో. చౌరస్తాలో ఊరేగింపు ఉంటే షట్టర్ సగం దించి పనిచేసేవాళ్ళం. ఒక మధ్యాహ్నం బాష్పవాయువు మెట్లెక్కి మూడో అంతస్తుకొచ్చింది. కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే, తెరలోంచి వస్తోందేమోనని నేను కంప్యూటర్ ఆపేశాను. ఇందులో సగం కోత.

రావు గారూ మేమూ ఒకరి మాట ఒకరికి తగలకుండా జాగ్రత్తగా తిరిగేవాళ్ళం. సునీత ఒక్కతే ఆయన్ను ఆటపట్టించేది.

"సార్, తెలంగాణ ఒస్తే మీ కుర్చీ నాకిస్తరా?"

"ఇప్పుడే తీసుకోండమ్మా. ఒక కాలు ఊగుతోంది, మేకు కొట్టించుకోండి."

ఆ రోజుల్లోనే స్వప్న వచ్చింది. పాతికేళ్ళుంటాయి. పోచంపల్లి చేనేత కుటుంబం, తండ్రికి దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం. ఎల్‌బీ నగర్‌లో రెండు గదుల్లో ముగ్గురు స్నేహితులతో కూర్చుని మూడేళ్ళు ఒకే గేము చేసింది. బంద్ జరుగుతున్న ఊళ్ళో ఒక పిల్ల, అమ్మ నేసిన చీరను ఈ చివరినుంచి ఆ చివరికి చిరగకుండా, మాయకుండా చేర్చాలి. పిల్ల చేతిలో తుపాకీ లేదు, రాయి కూడా లేదు. బయటి దేశపు పెద్ద అమ్మకందారు ఒకరు దాన్ని తమ పిల్లల జాబితాలో పెడతామన్నారు. షరతు ఒకటే, ముద్ర పన్నెండు దాటకూడదు.

"దాటితే మా నాన్న దుకాణంల నాకు కుర్చీ ఏసి పెట్టిండు సార్" అంది స్వప్న. "గీ ఆటలు చాలు, ఇగ వచ్చి కూసో అంటడు."

"పన్నెండేంది బిడ్డా, ఏడు తెప్పిస్తా" అన్నాను. గేము ముఖం కూడా చూడకుండా.

మర్నాడు సునీత ఆడింది. ఒక గంట కేక లేదు. తర్వాత "బట్ట" అంది. టిక్కు పెట్టాను. ఆ తర్వాత చాలాసేపు మీటల చప్పుడు కూడా వినబడలేదు. పిల్ల నడుస్తోందనుకుని నేను గడియారం చూస్తూ కూర్చున్నాను. చివరికి "అయిపోయిందన్నా" అని లేచి మొహం కడుక్కోవడానికి వెళ్ళింది.

దెబ్బ సున్న, రక్తం సున్న, బూతు సున్న, బట్ట ఒకటి. కారణం ఖాళీ. రావు గారు టిక్కు ఉన్నచోట రెండు సెకన్లు కత్తిరించి పంపారు.

పద్దెనిమిది వచ్చింది.

కుర్చీ తిప్పిన రోజు

స్వప్న మూడంతస్తులూ ఎక్కొచ్చి కాగితం నా బల్లమీద పెట్టింది.

"ఏడు తెప్పిస్తనన్నవ్ గద అంకుల్. సారూ లేదు గీరూ లేదు, ఇయ్యాల్టి నుంచి అంకులే. నా ఆటల నగ్నత ఎక్కడున్నదో చూపియ్."

"సునీత చెప్పింది, నేను రాసిన."

"నువ్వు చూసినవా?"

"మా పద్ధతిల రాసేటోడు చూడొద్దు."

"చూడకుంట రాసుడేందంకుల్? గిదేం పద్ధతి? కూసో, ఆడు."

తొమ్మిదేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి కుర్చీ తెరవైపు తిప్పాను. చీర మూడుసార్లు చింపాను, ఒకసారి మురికికాల్వలో పడేశాను. సునీత నవ్వలేదు. అప్పుడే అనుమానం రావలసింది.

ఒక ఇంటి తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల ఒక తల్లి గోడకు ఆనుకుని బిడ్డకు పాలిస్తోంది. పిల్లను చూసి, ఇటునుంచి పొమ్మని చెయ్యి ఊపింది. అంతే. రావు గారు కత్తిరించిన రెండు సెకన్లలో బిడ్డ కనబడదు.

"మా అమ్మ చెల్లెకు పాలిచ్చేటప్పుడు గట్లనే కూసుంటుండె. గుర్తుపెట్టుకోని గీసిన" అంది స్వప్న.

ఇంకాస్త ముందుకు వెళ్ళాను. పిల్ల ఒక తోపుడుబండి వెనక దాక్కుంది. వీధిలో ఒకడు కింద పడి, రెండు చేతులూ తలమీద పెట్టుకున్నాడు. చుట్టూ లాఠీలు. నెత్తురు లేదు. గోడమీద నీడలు, చప్పుడు. అన్ని మీటలూ నొక్కాను. ఏదీ పనిచేయదు. దాక్కుని చూడడం తప్ప ఆ పిల్ల చేయగలిగిందేమీ లేదు.

"సునీతా, దీనికి దెబ్బ అనలేదేంది?"

ఆమె మీటలవైపే చూస్తోంది. "నోరు రాలేదన్నా."

ఆమె ఈ ఆట మొదటిసారి ఆడడానికి రెండు వారాల ముందు, చౌరస్తాలో లాఠీచార్జి జరిగినప్పుడు ఆమె కొడుకు ఊరేగింపులో ఉన్నాడట. ముంజేయి విరిగింది. ఆ రెండు వారాలూ ఆమె రోజూ ఆఫీసుకొచ్చింది, రోజూ సైన్యాలను చంపింది, మాతో ఒక్క మాట చెప్పలేదు. ఆమె మౌనాన్ని నేను సున్న అని రాశాను.

రావు గారు వచ్చారు. సవరణ పంపవచ్చన్నారు. నగ్నత కొట్టేసి, కారణం గడి నింపితే పన్నెండు వచ్చేస్తుంది. లాఠీ సీను రాస్తే, తినేవాడు ఎదురుతిరగలేడు కాబట్టి పదహారు తప్పదు.

"నగ్నత ఒక్కటి తీసేయండ్రి చాలు" అంది స్వప్న. "లాఠీల సంగతి వాళ్ళు అడగనే లేదు గద."

నా జీవితంలో అంత సులువైన అబద్ధం ఎదురుపడలేదు. నోరు తెరవనక్కర్లేదు, ఊరుకుంటే చాలు. నాదర్‌గుల్‌లో విమానం నడిపినవాడికి ఇదొక లెక్కా! పెన్ను తీశాను కూడా.

"రాయన్నా" అంది సునీత. "దెబ్బలు రాయి."

"అక్కా, మూడేండ్ల పని అక్కా" అంది స్వప్న.

"నాకెరుకే బిడ్డా. నీ ఆటల అన్నిటికంటె నిజం గదే. దాన్ని నేనే సున్న జేసిన. మా వానికి పదిహేనేండ్లు. వాడు తిన్నది సున్ననా?"

రావు గారు మెల్లగా, "ఆ సీను గేములోంచే తీసేయొచ్చు కదమ్మా. అప్పుడు అబద్ధమూ ఉండదు, పన్నెండూ వస్తుంది" అన్నారు. న్యాయమైన మాటే. ఆ ఒక్క దారిలో అందరం గట్టెక్కుతాం. స్వప్న ఆలోచిస్తానని వెళ్ళిపోయింది.

మర్నాడు పొద్దున్నే వచ్చింది.

"తీయను. ఉన్నదున్నట్టు రాయండ్రి."

"దుకాణంల కుర్చీ?" అన్నాను.

"ఉన్నది. రాత్రి మా నాన్నకు ఆట చూపిచ్చిన. గా తోపుడుబండి కాడ ఆయన గూడ ఏం మాట్లాడలే. అంతకుముందు మాట్లాడుతనే ఉండె, చీర రంగు గట్ల కాదు, అంచు గిట్ల ఉండాలె అని. గాడ మాత్రం సప్పుడు చేయలే. అది తీసేస్తే ఇగ ఆటల ఏమున్నదంకుల్?"

సునీత మళ్ళీ కూర్చుని ఆడింది. నేను తెరవైపే తిరిగి రాశాను. తోపుడుబండి దగ్గర ఆమె చేతులు మీటల మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. "దెబ్బ" అంది. "దెబ్బ. దెబ్బ." సైన్యాలను చంపేటప్పటి గొంతు కాదది. ఒక్కటీ వదల్లేదు. నగ్నత దగ్గర 'కారణం' గడిలో, అన్నేళ్ళలో మొదటిసారి ఒక పూర్తి వాక్యం రాశాను: తల్లి బిడ్డకు పాలిస్తోంది. ఎదురుతిరగగలడా అన్న ప్రశ్నకు: లేదు, తల కాపాడుకుంటున్నాడు.

ముద్ర

పదహారు వచ్చింది. పిల్లల జాబితావాళ్ళు మర్యాదగా వద్దన్నారు, పెద్దల అరలో ఒక మూల పెట్టారు. స్వప్న అనుకున్నంత అమ్ముడుపోలేదు. తండ్రి ఆ కుర్చీలో సేల్స్‌మన్‌ను కూర్చోబెట్టుకుని, ఇంకో రెండేళ్ళు చూద్దామన్నాడు. ఆమె ఇప్పటికీ గేములే చేస్తోంది. ఇప్పటికీ నన్ను అంకులనే పిలుస్తుంది.

మా ఆఫీసులో రెండు కుర్చీలూ తెరవైపు తిరిగాయి. రావు గారు ఒక కొత్త రూలు పెట్టారు: ఆడే మనిషి గొంతు ఆగిపోతే, రాసే మనిషి గేము ఆపి ఏమైందని అడగాలి. కొత్తగా వస్తున్నవాళ్ళకు నేను చెప్పదలచుకున్న రూలు కూడా ఇదొక్కటే. ఫారాలు మళ్ళీ మారతాయి, ఇవ్వాళ తప్పన్నది రేపు కాదంటారు. పక్క కుర్చీలో మనిషి మాత్రం ఎప్పుడూ ఉంటుంది.

ముద్ర కాగితం వచ్చిన రోజు సునీత దాన్ని నా చేతికిచ్చి, కింద కారణం ఏం రాశారో తెలుగులో చెప్పమంది. నగ్నత లేదు, ఎదురుతిరగలేని మనిషిపై హింస ఉంది అని చదివాను.

"మళ్ళ చదువన్నా."

మళ్ళీ చదివాను.

"నాకో జిరాక్స్ కావాలె."

"నీకెందుకు? ఆట స్వప్నది."

"దవాఖాన చీటీల మావాడు మెట్లమీంచి పడ్డడని ఉన్నదన్నా. నేనే రాయించిన, కేసయితదని భయపడి. పోలీసోళ్ళ కాడ అసలు కాయితమే లేదు. కొట్టుడు కొట్టుడే అని ఎవలో ఒకలు రాసిన కాయితం గిదొక్కటే."

రావు గారు తన కుర్చీలోంచి అంతా వింటున్నారు. కాగితం తీసుకుని కిందికి వెళ్ళి తానే జిరాక్స్ తీయించుకొచ్చారు. ఎవరూ అడగకుండానే, బల్ల సొరుగులోంచి ఆఫీసు ముద్ర తీసి దానిమీద వేసి, పక్కన సంతకం పెట్టారు. సునీత ఆ కాగితాన్ని మడతపెట్టలేదు. ఒక ఫైలు అడిగి తీసుకుని, అందులో పెట్టుకుని ఇంటికి పట్టుకెళ్ళింది.